నాలుగు సెంటీమీటర్లు

33వ వారం చెకప్‌లో డాక్టరమ్మ టేపు పెట్టి నా పొట్ట కొలిచారు. 29 వచ్చింది. మళ్ళీ కొలిచారు. మళ్ళీ 29.

"ఈ టైమ్‌లో ఎన్నో వారమైతే సుమారు అన్ని సెంటీమీటర్లు ఉండాలమ్మా. ఒకటి రెండు తేడా అయితే పట్టించుకోం. గ్రోత్ స్కాన్ చేయిద్దాం" అన్నారు.

స్కాన్‌లో బిడ్డ బరువు 1,680 గ్రాములు, ఐదో పర్సెంటైల్. అంటే అన్ని వారాలే నిండిన వందమంది బిడ్డల్ని బరువు ప్రకారం వరసలో పెడితే, నా బిడ్డ కింది నుంచి ఐదోది. ఇంకా భూమ్మీద పడనేలేదు, అప్పుడే ర్యాంకు.

బయటికి రాగానే అమ్మ మొదలుపెట్టింది. "నేను చెప్తూనే ఉన్నా. ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని టీలు తాగుతావు గానీ అన్నం తింటావా?" ఆ రాత్రి నుంచి గుడ్లు, సున్నుండలు, పప్పులో గరిటెడు నెయ్యి. తమాషా ఏంటంటే, నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మమ్మ తనకి సగం కంచమే పెట్టేదని చెప్పిందీ ఈ అమ్మే. బిడ్డ లావైతే కాన్పు కష్టమని అప్పట్లో అనుకునేవారట. తక్కువ పెట్టినా ఎక్కువ పెట్టినా, లెక్క తేల్చేది మాత్రం తల్లి కంచంలోనే.

నేనూ నమ్మేశాను. ఏ రోజు టిఫిన్ మానేశానో రాత్రిళ్ళు పడుకుని గుర్తు చేసుకునేదాన్ని.

తర్వాతి విజిట్‌లో అడిగేశాను, నా తప్పేనా అని. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "తినండి, మంచిదే. కానీ ఇప్పుడు ఎక్కువ తిన్నంత మాత్రాన ఇది సరైపోదు. మీకు బీపీ లేదు, రక్తం బాగుంది. మాయ నుంచి బిడ్డకి అందాల్సింది అందుతోందా అన్నదే ప్రశ్న. లేదంటే మీ బిడ్డ తీరే అంత కావచ్చు."

డాప్లర్‌లో బొడ్డుతాడులో పారే రక్తం తెర మీద కొండల్లా కనిపించింది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒక కొండ. రెండు కొండల మధ్య లోయ కింది గీతని తాకకూడదట. తాకితే మాయలో అడ్డు బాగా పెరిగినట్టు. నాది తాకలేదు.

మరి మందు? లేదు. బెడ్ రెస్ట్ తీసుకుంటే బిడ్డ పెరుగుతుందన్న రుజువూ లేదు. ఉన్న వైద్యమల్లా కాపలా కాయడం, రోజు ఎంచుకోవడం. లోపలే ఉంచితే ప్రమాదమా, ముందే తీస్తే ప్రమాదమా అని వారం వారం తూచడం. బరువు మాత్రం రెండు వారాలకోసారే చూస్తారు. స్కాన్ చెప్పే బరువులో 15 శాతం దాకా తేడా ఉండొచ్చు కాబట్టి, తొందరపడితే మెషీన్ పొరపాటే ఎదుగుదలలా కనిపిస్తుంది. 35వ వారంలో 2,020 వచ్చింది. అదే వరస, అదే ఐదో స్థానం. జారిపోలేదు.

36వ వారంలో ఒక రాత్రి కదలికలు తగ్గినట్టనిపించింది. తెల్లారేదాకా ఆగకండని డాక్టరమ్మ ముందే చెప్పారు. రెండింటికి క్యాబ్‌లో వెళ్ళాం. పొట్టకి బెల్టులు కట్టి గుండె చప్పుడు వినిపించారు. అంతా బాగానే ఉంది. అనవసరంగా ఇబ్బంది పెట్టానేమో అంటే సిస్టర్ నవ్వింది. "మళ్ళీ అనిపిస్తే మళ్ళీ రండి."

38 వారాలు నిండాక నొప్పులు తెప్పించారు. పాప పుట్టింది, 2,350 గ్రాములు. ఏడుపు మాత్రం ఫుల్ వాల్యూమ్.

పదకొండో రోజు చూడ్డానికొచ్చిన పక్కింటావిడ పాపని ఎత్తుకుని, "అయ్యో, పిట్టంతే ఉందే! కడుపుతో ఉన్నప్పుడు సరిగ్గా తినలేదా?" అంది నా వైపు చూస్తూ.

నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అమ్మ గొంతు. "బాగానే తింది వదినా. తిండిదేం లేదు."

తర్వాత నా కంచంలో ఇంకో గరిటెడు నెయ్యి వేసింది. నేను వద్దనలేదు.