మా ఊరి స్టేషన్‌లో ఓ గంట

జపాన్‌లో కిషి అని ఓ బుల్లి స్టేషన్ ఉంది. జనం ఎక్కక ఆ లైనే మూతపడే దాకా వచ్చింది. అప్పుడు వకయామా ఎలక్ట్రిక్ రైల్వే అనే ప్రైవేటు కంపెనీ దాన్ని నడపడం మొదలుపెట్టి, 2007లో తమా అనే పిల్లిని స్టేషన్ మాస్టర్‌ని చేసింది. టోపీ పెట్టుకున్న ఆ పిల్లిని చూడ్డానికి జనం క్యూ కట్టారు. ఆ వీడియో ఆఫీస్ గ్రూపులో నేనే షేర్ చేశా. చేశాక అనిపించింది, మా ఊరి స్టేషన్‌కి వెళ్లి ఎన్నేళ్లయిందీ అని.

మాది పల్నాడులోని రెంటచింతల. ఎండాకాలం వార్తల్లో మా ఊరి పేరు వినే ఉంటారు! గుంటూరు నుంచి వచ్చే లైను నడికుడిలో రెండుగా చీలుతుంది. ఒకటి కృష్ణ దాటి తెలంగాణలోకి పోతుంది. రెండోది గురజాల, మా ఊరు మీదుగా మాచర్ల చేరి అక్కడితో ఆగిపోతుంది. దాన్ని గద్వాల దాకా పొడిగించాలన్నది ఇక్కడి వాళ్ల ఏళ్లనాటి కోరిక. ఒకప్పుడు ఇది మీటర్ గేజ్. నాగార్జునసాగర్ డ్యామ్ కట్టే రోజుల్లో దగ్గర్లో రైలున్న ఊరంటే మాచర్లే.

ఇంజినీరింగ్ చదివేటప్పుడు ప్రతి ఆదివారం గుంటూరు రైలెక్కించడానికి నాయనమ్మ వచ్చేది. రైలు లేటయితే నేను విసుక్కునేవాణ్ని. తను మాత్రం పల్లీలు ఒలిచి నా చేతిలో పోస్తూ కూర్చునేది. ఉద్యోగం వచ్చాక కారు కొన్నా. ఇక స్టేషన్ ముఖం చూడలేదు.

మొన్న ఊరెళ్తే నాయనమ్మ అంది, "కారులో రయ్యిన వస్తావు, రయ్యిన పోతావు. రైలైతే ఆ కాసేపైనా నా పక్కన కూర్చునేవాడివి గదరా."

ఈసారి కారు ఇంటిదగ్గరే వదిలేసి ఇద్దరం స్టేషన్‌కెళ్లాం. వేప చెట్టు, ఖాళీ బెంచీ, దూరంగా మేకలు. గుంటూరుకి టికెట్ తీసుకున్నా. జపాన్‌లో ఆ లైను బతికింది పిల్లి వీడియోలకి వచ్చిన లైకులతో కాదు, జనం వచ్చి టికెట్లు కొంటేనే.

రైలు లేటు. "పోన్లే," అంది నాయనమ్మ, కొంగులోంచి పల్లీలు తీస్తూ.