పాలు మాన్పించడం సగం పరీక్షే

మన ఇళ్లలో పసివాడికి పాలు పడవంటే ఎవరూ నమ్మరు. వంకాయ పడలేదంటే నమ్ముతారు, రొయ్య పడలేదంటే నమ్ముతారు. పాలు, పెరుగు, నెయ్యి పడకపోవడమేమిటి? తెనాలి నుంచి ఫోన్‌లో మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న అదే. "వెన్నదొంగని కొలిచే ఇంట్లో పుట్టి, నీ కొడుక్కి పాలు పడకపోవడమేంటే?" అంది. వాడు పుట్టింది ఇంగ్లండ్‌లో రెడింగ్ అనే ఊళ్లో అని గుర్తు చేశాను. "అయితే అక్కడి పాలే మంచివి కావు" అని తేల్చేసింది.

పాలు మంచివే. వాడి ఒంటికే సరిపడటం లేదేమోనని సందేహం. రెండో నెల నుంచీ మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా వచ్చిపోతుండేది. జిగురు విరేచనాలు, రాత్రుళ్లు కాళ్లు కడుపులోకి ముడుచుకుని ఏడుపు. ఆరో నెల దాటి పెరుగన్నం మొదలుపెట్టాక ఇవన్నీ మరీ ఎక్కువయ్యాయి. అయినా వీటిలో ఏ ఒక్కటీ పాలనే వేలెత్తి చూపదు. పళ్లొచ్చేటప్పుడూ పిల్లలు ఏడుస్తారు. హీటర్ గాలికి చర్మం ఎండి పగులుతుంది. అందుకే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్, అంటే జీపీ కూడా ఆవుపాల ప్రోటీన్ అలర్జీ ఉందనలేదు, ఉండొచ్చన్నారు. ఆ "ఉండొచ్చు"తో ఎలా కాపురం చేయాలన్నదే నేను నేర్చుకున్న పాఠం.

ఈ అలర్జీ రెండు రకాలు. మొదటిది వెంటనే బయటపడేది. పాలు తగిలిన నిమిషాల్లోనో రెండు గంటల్లోపో దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు వస్తాయి. ఊపిరి ఆడకపోయినా, నాలుక వాచినా, బిడ్డ వేలాడిపోయినా ఇక్కడైతే 999కి, మన దగ్గరైతే 108కి ఫోన్ చేయడమే, వేరే ఆలోచన లేదు. రెండోది నిదానంగా వచ్చేది. పాలు లోపలికి వెళ్లాక కొన్ని గంటలకో, రెండు మూడు రోజులకో చర్మం మీదా కడుపులోనూ కనపడుతుంది. మావాడిది ఈ రెండో రకమేమోనని అనుమానం. మొదటి రకానికి రక్తపరీక్ష, చర్మపరీక్ష ఉన్నాయి. రెండోదాన్ని పట్టుకునే అలాంటి పరీక్ష ఏదీ లేదు. రెండు నుంచి నాలుగు వారాలు పాలు పూర్తిగా మాన్పించి చూడాలి, తర్వాత మళ్లీ ఇచ్చి చూడాలి. అంతే.

మాన్పించడమంటే గ్లాసు పక్కన పెట్టడం కాదు. వాడు నా పాలు తాగుతున్నాడు కాబట్టి నేనూ మానాలి. నేను తాగిన కాఫీలోని పాల ప్రోటీన్ కొంత నా పాలలోకి చేరుతుంది. కాఫీ పోయింది, పెరుగు పోయింది, పప్పులో నెయ్యి పోయింది. వేడి వేడి ముద్దపప్పులో నువ్వులనూనె వేసుకుని తింటూ, ఇదీ బాగానే ఉందని నాకు నేను చెప్పుకున్నాను. చివర్లో పెరుగన్నం స్థానంలో పచ్చిపులుసు వచ్చింది. భోజనం ముగిసినట్టే ఉండేది కాదు.

ఇక సలహాలు. "మేకపాలు పట్టు, గేదెపాలు పట్టు" అంది అమ్మ. ఆ పాలలోని ప్రోటీన్లు ఆవుపాల వాటికి దగ్గరి చుట్టాలే. ఒకటి పడని పిల్లలకి సాధారణంగా రెండోదీ పడదు. తెనాలి వీధుల్లోకి వచ్చే గాడిదపాలు కొని పంపించమంటావా అని కూడా అడిగింది. మా నాన్న అయితే "నాకూ పాలు అరగవు, పెరుగే తింటాను, వాడికీ అదే పెట్టండి" అన్నారు. ఆయనది లాక్టోజ్ సమస్య. లాక్టోజ్ పాలలోని చక్కెర. పెరుగు తోడుకునేటప్పుడు అది కొంత తగ్గుతుంది కాబట్టి ఆయనకి పెరుగు హాయి. అలర్జీ ప్రోటీన్‌తో వచ్చేది. పెరుగైనా, మజ్జిగైనా, సూపర్‌మార్కెట్‌లో లాక్టోజ్ ఫ్రీ అని అమ్మే పాలైనా ప్రోటీన్ ఎక్కడికీ పోదు. నెయ్యిలో చాలావరకు పోతుంది గానీ పూర్తిగా పోతుందని పూచీ లేదు. అందుకే పరీక్ష నడిచినన్నాళ్లు నెయ్యి కూడా వద్దన్నారు డైటీషియన్.

విజిటర్ వీసా మీద అమ్మ వచ్చాక వంటింట్లో రాజ్యం మారింది. ఇక్కడి చట్టం ప్రకారం ప్యాకెట్ మీద పదార్థాల జాబితాలో పద్నాలుగు రకాల అలర్జీ కారకాలను కొట్టొచ్చినట్టు కనిపించేలా అచ్చువేయాలి. వాటిలో పాలు ఒకటి. అమ్మకి ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడమే వచ్చు. అయినా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, బిస్కెట్ ప్యాకెట్‌ని కిటికీ వెలుగులో ముక్కుకి ఆనించుకుని, లావు అక్షరాల వెంట బొటనవేలు జరుపుతూ వెతికేది. "మిల్క్ ఉందే ఇందులో, కారప్పూసలో కూడా వెన్న వేశాడు" అని పక్కన పడేసేది. కొన్నాళ్లకి నాకన్నా ఆవిడే పెద్ద ఇన్‌స్పెక్టర్ అయింది. నెయ్యి చుక్క ఏం చేస్తుందే అన్న మనిషే, గరిట మార్చకుండా వడ్డించానని నన్ను కసిరింది.

మన కొట్లో కొనే సరుకుతో ఇంకో చిక్కుంది. ఇండియా ప్యాకెట్ల మీది పచ్చచుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది. పాలు శాకాహారమే కదా! వీగన్ అని రాసి ఉన్నంత మాత్రాన కూడా పాలు పడని పిల్లలకి భద్రమని కాదు. అదే కార్ఖానాలో పాలసరుకు తయారైతే ఆనవాళ్లు అంటుకోవచ్చు. మిఠాయి దుకాణంలో పళ్లెంలో పోసి అమ్మేవాటి మీద లేబులే ఉండదు, అడగాల్సిందే. అడిగితే "నో మిల్క్ అండీ" అంటారు, నెయ్యి వాళ్ల లెక్కలో పాలు కాదు. ఒక హోటల్లో దోసెకి వెన్న వద్దని చెబితే నూనె వేశారు, పిండిలో మాత్రం పెరుగు కలిపి ఉంది. గుడిలో పులిహోర దొరికిన రోజు పండగే. చక్రపొంగలి, దద్దోజనం, పంచామృతం, లడ్డూ అన్నింటికీ దండం పెట్టి పక్కకి తప్పుకోవడమే.

పాలు తీసేస్తే ఆ చోట్లోకి ఏం వస్తుందన్నది అసలు లెక్క. రాగిజావ పట్టిస్తే చాలని అందరూ అన్నారు. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న మాట నిజం. కానీ పసివాడు ఒక పూటకి వంద గ్రాముల పిండి తింటాడా? ఇరవై గ్రాములు తిన్నా వచ్చేది డెబ్బై మిల్లీగ్రాములు. అందులోనూ ఒంటబట్టేది కొంతే. బ్రిటన్ లెక్కల్లో ఏడాదిలోపు బిడ్డకి రోజుకి 525, ఏడాది నుంచి మూడేళ్ల వరకు 350, పాలిచ్చే తల్లికి 1,250 మిల్లీగ్రాములు కావాలి. కాబట్టి రాగిజావ మంచిదే, అది ఒక్కటే చాలదు. నాకు కాల్షియం, డి విటమిన్ మాత్రలు రాశారు. సీసాపాలు తాగే పిల్లలైతే ప్రోటీన్‌ని చిన్న ముక్కలుగా విరిచిన ప్రత్యేక ఫార్ములాని డాక్టరే రాస్తారు.

బాదం, ఓట్స్, కొబ్బరి పేర్లతో వచ్చే పాలు ఏడాదిలోపు బిడ్డకి తల్లిపాలకో ఫార్ములాకో బదులు కావు, వంటలో కలపడానికి వాడొచ్చు. బియ్యంపాలు మాత్రం ఆర్సెనిక్ ఉంటుందని ఐదేళ్లలోపు పిల్లలకి ఇక్కడ వద్దంటారు. సోయా కూడా పడని పిల్లలు కొందరుంటారు. ఎవరూ తలచుకోనిది అయోడిన్. మన దేశంలో అది ఉప్పులో వస్తుంది. బ్రిటన్‌లో ఉప్పుకి అయోడిన్ కలిపే ఆనవాయితీ లేదు, ఇక్కడివాళ్లకి అది ఎక్కువగా వచ్చేది పాల నుంచే. పాలు మానేస్తే అదీ తగ్గుతుంది. డైటీషియన్‌ని కలవకుండా నెలల తరబడి పాలు ఆపకూడదనేది ఇందుకే.

కొన్ని వారాలకి మావాడి చర్మం నున్నబడింది. విరేచనాలు కుదుటపడ్డాయి. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్న సమయంలో డైటీషియన్ ఫోన్ చేసి, ఇప్పుడు మీరు మళ్లీ పాలు తాగండి అన్నారు. అమ్మ భగ్గుమంది. "బాగున్నవాణ్ణి కెలకడమెందుకు? తగ్గింది చాలదూ?" అంది. ఆ మాట ఎక్కువమంది తల్లిదండ్రుల నోట వచ్చేదే. కానీ ఎగ్జిమా దానంతటదే తగ్గే రోజులూ ఉంటాయి, నెలలు గడిచేకొద్దీ కడుపూ కుదుటపడుతుంది. పాలు మానడం వల్లే తగ్గిందో, తగ్గే సమయానికి మనం పాలు మానామో మళ్లీ ఇస్తే గానీ తేలదు. నేను కాఫీ తాగాను, పెరుగన్నం తిన్నాను. మూడో రోజుకి మోచేతి మడతలు మళ్లీ ఎర్రబడ్డాయి. మానేస్తే తగ్గాయి. అలా ఖాయమైంది. మా వీధిలోనే ఉండే ఇంకో తెలుగు జంట ఇదే పరీక్ష చేశారు. వాళ్ల పాపకి ఏమీ కాలేదు. అది తేలిన సాయంత్రమే పాపకి పెరుగన్నం పెట్టారు.

మళ్లీ ఇచ్చి చూడటమనే ఆ రెండో సగం ఎగ్గొట్టేవాళ్లు తక్కువేమీ కాదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన లెక్క చూడండి. ఇంగ్లండ్‌లో ఇలాంటి ప్రత్యేక ఫార్ములాల ప్రిస్క్రిప్షన్లు 2006లో లక్షా ఐదు వేలు, 2016కి ఆరు లక్షలు దాటాయి. అలర్జీ ఆరు రెట్లు పెరిగిన దాఖలా మాత్రం లేదు. ఇంకోవైపు వెంట్రుక పంపితే అలర్జీల చిట్టా పంపిస్తామనే వ్యాపారాలు. అలాంటి పరీక్షలు వాడొద్దని ఇక్కడి వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2011లోనే చెప్పింది.

ఖాయమైనా అది జీవితాంతపు శిక్ష కాదు. నిదానపు రకం చాలామంది పిల్లల్లో మూడేళ్లు వచ్చేసరికి పోతుంది. మధ్యలో మిల్క్ ల్యాడర్ అని ఆరు మెట్ల పద్ధతి ఉంది. పిండిలో కలిసి బాగా కాలిన బిస్కెట్‌తో మొదలుపెట్టి కేకు, పాన్‌కేక్, చీజ్, పెరుగు మీదుగా పాల దాకా వెళ్లాలి. పిండితో కలిసి ఓవెన్‌లో కాలినప్పుడు ప్రోటీన్ రూపు మారుతుంది. పొయ్యి మీద కాచిన పాలతో ఆ పని అంతగా జరగదు, కాబట్టి పాయసంతో ఈ మెట్లు ఎక్కలేం. మావాడు కేకు మెట్టు దాటాడు. వెంటనే బయటపడే రకం ఉన్న పిల్లలతో మాత్రం ఇది ఇంట్లో సొంతంగా చేసే పని కాదు, స్పెషలిస్టు చెప్పినట్టే నడవాలి.

చివరగా రెండు మాటలు. మీ బిడ్డకి పాలు పడటం లేదని అనుమానమొస్తే ఊరికే మాన్పించి కూర్చోకండి. డాక్టర్ని అడిగి మాన్పించండి, డాక్టర్ చెప్పినట్టే మళ్లీ ఇచ్చి తేల్చుకోండి. ఇంకొకరి బిడ్డ మీ ఇంటికి వస్తే, ఎంత ముద్దొచ్చినా సరే, లడ్డూ ముక్క నోట్లో పెట్టేముందు వాళ్లమ్మని ఒక్క మాట అడగండి.