పదహారేళ్ళ తర్వాత చూసిన రెండో సగం

మీరెప్పుడైనా సినిమాకి వెళ్ళి, టిక్కెట్టు కొనుక్కుని, సగం సినిమా వరండాలో నిలబడి విన్నారా? నేను విన్నాను. చంటిపిల్లల్ని ఎత్తుకుని హాలుకెళ్ళిన తల్లులందరికీ తెలిసిన సంగతే ఇది.

మాది ఏన్కూరు. ఖమ్మం జిల్లాలో మండల కేంద్రం. ఊరు దాటి జూలూరుపాడు, కొత్తగూడెం వైపు వెళ్తే అడవి మొదలవుతుంది. ఇటు పల్లిపాడు వైపు వస్తే పత్తి, మిర్చి చేలు. ఎండాకాలం తెల్లవారకముందే ఇప్పపూలకీ, తునికాకుకీ అడవికి పోయే ఆడవాళ్ళు మా రోడ్డు మీదుగానే వెళ్తారు. పేరున్న సినిమా చూడాలంటే మాత్రం మాకు ఖమ్మమో కొత్తగూడెమో పోవాల్సిందే. ఖమ్మానికి నలభై కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. బస్సు దొరికితే గంటన్నర. దొరకకపోతే ఆ రోజు మన అదృష్టం.

2007 అక్టోబరు 2న ‘హ్యాపీ డేస్’ విడుదలైంది. ‘ఆనంద్’, ‘గోదావరి’ తీసిన శేఖర్ కమ్ముల సినిమా. దాదాపు అందరూ కొత్త పిల్లలే, పెద్ద హీరో ఎవరూ లేరు. ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళు, ఎనిమిది మంది స్నేహితులు, మిక్కీ జె. మేయర్ పాటలు. అంతే కథ. మా ఆడపడుచు అప్పుడు ఇంటర్ చదువుతోంది. దసరా సెలవులకి వచ్చి, ఆ సినిమా చూపిస్తేగానీ అన్నం తిననని కూర్చుంది. సరేనని మావారు మా ఇద్దర్నీ బయల్దేరదీశారు. నా చంకలో పద్నాలుగు నెలల మా పాప.

హాలంతా కాలేజీ కుర్రాళ్ళు. పేర్లు పడుతుంటేనే ఈలలు. మొదటి పాటకి డ్రమ్ములు మోగేసరికి మా పాప ఉలిక్కిపడి లేచి, ఆ ఈలలకి మించి రాగం అందుకుంది. ముందు వరసల్లోంచి వెనక్కి తిరిగి చూడటం మొదలైంది. మావారు మెల్లిగా, “కాసేపు బయటికి తీసుకెళ్ళరాదూ?” అన్నారు. ఆ ‘కాసేపు’ సినిమా అయ్యేదాకా సాగింది సుమండీ!

వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. తలుపు దగ్గర టిక్కెట్లు చింపే పెద్దాయన మంచివాడు. పాట అయిపోగానే, “ఇప్పుడు మాటలే తల్లీ, చప్పుడు లేదు, లోపలికి పో” అనేవాడు. వెళ్ళి రెండు నిమిషాలు నిలబడేదాన్ని. మళ్ళీ ఈలలు, మళ్ళీ ఏడుపు, మళ్ళీ వరండా. అలా ఆ పాటలన్నీ గోడ ఇవతలి నుంచే నాకు వచ్చేశాయి. ఏ పాట ఎవరి కోసం పాడుకున్నారో మాత్రం తెలియదు. తిరుగు బస్సులో ఆడపడుచు కథ చెబుతానంది. సగం చెప్పి నిద్రపోయింది.

తర్వాత టీవీలో ఎన్నోసార్లు వచ్చిందనుకోండి. మనం టీవీ ముందు కూర్చునే వేళకే కదా పాలు పొంగేది, కరెంటు పోయేది, చుట్టాలొచ్చేది!

నాకు ఆ సినిమా మీద అంత యావ ఎందుకో మీతో దాచడం దేనికి? నేను ఇంటర్‌తో ఆగిపోయాను. సీఈసీ. మార్కులు బాగానే వచ్చాయి. డిగ్రీ కాలేజీ ఖమ్మంలో, మా పుట్టింటి నుంచి బస్సు సరిగ్గా లేదు. ఆడపిల్లని హాస్టల్లో పెట్టే ధైర్యం మా నాన్నకు లేకపోయింది. కాలేజీ అంటే లోపల ఎలా ఉంటుందో చూసే అవకాశం నాకు ఆ సినిమా ఒక్కటే. అదీ వరండా పాలైంది.

2024 ఏప్రిల్ 19న ‘హ్యాపీ డేస్’ని మళ్ళీ హాళ్ళలోకి తెచ్చారు. అప్పటి చంకలో పాప అప్పటికి ఇంటర్ పరీక్షలు రాసి, ఎంసెట్‌కి చదువుతోంది. (ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అనాలట. మా నోటికి ఎంసెట్టే.) తనకి హైదరాబాదు హాస్టల్లో ఉండి చదువుకోవాలని. మావారేమో, “ఖమ్మంలో కాలేజీలు లేవా, బస్సులు లేవా?” అంటారు. ఇద్దరి మధ్యా నేను. పైకి ఏమీ అనలేదు గానీ, నా లోపల మా నాన్న భయమే కూర్చుని ఉంది.

ఆ ఆదివారం “అమ్మా, నీ సగం సినిమా వచ్చిందే!” అంది పాప. పులిహోర డబ్బా, రెండు సీసాల మజ్జిగ పెట్టుకుని బయల్దేరాం. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం వచ్చింది కదా, ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్టు. ఛార్జీల డబ్బులు అడగాల్సిన పని లేకుండా నేను ఖమ్మం వెళ్ళడం అంటే, అది వేరే సంతోషం. సీటు దొరకలేదనుకోండి. పల్లిపాడు దాకా నిలబడే వెళ్ళాం. యార్డుకి పోయే మిర్చి బస్తాల లారీ ముందుండి దారంతా ఘాటు. బస్సు బస్సంతా తుమ్ములు.

హాల్లో ఈసారి మంచి సీట్లు. చుట్టూ అంతా మా పాప ఈడు పిల్లలూ, నా ఈడు వాళ్ళూ. పాటలొస్తే అందరూ గొంతు కలిపి పాడేస్తున్నారు. నేనూ పాడాను! పాప నోరు తెరిచి చూసింది. “నీకివన్నీ ఎలా వచ్చే?” అంది. “నీ పుణ్యమే” అన్నాను.

సినిమాలో అన్నీ మెచ్చేవే ఉన్నాయనను. సీనియర్లు ఏడిపించడం, కుర్రాళ్ళు లెక్చరరమ్మని చూసి కలలు కనడం నాకు నచ్చలేదు. అక్కడ పాప వైపు చూడలేక పులిహోర డబ్బా మూత తీశాను. కానీ ఆ క్యాంటీను, బస్సు ప్రయాణాలు, అలిగి మాట్లాడుకోకపోవడాలు, చివర వీడ్కోలు రోజు ఒకళ్ళనొకళ్ళు వదల్లేకపోవడం చూస్తుంటే... శేఖర్ కమ్ముల తను చదువుకున్న చైతన్య భారతి కాలేజీ రోజులు తలుచుకుని తీశాడంటారు, నిజమేననిపించింది. మధ్యలో మావారు ఫోను. “ఆవకాయ జాడీ ఎక్కడ?” అని. “చెక్క బీరువా కింద” అని పెట్టేశాను. ఆ మనిషి జాడీ వెతుక్కునేలోపు ఒక పాట అయిపోతుంది, పోనివ్వండి.

తిరుగు బస్సులో పాప అడిగింది, “అమ్మా, నువ్వు చదివుంటే ఏ బ్రాంచి తీసుకునేదానివి?”

“నాది సీఈసీ. నాకు బ్రాంచీలేంటే?” అని నవ్వాను. కిటికీలోంచి చీకట్లో చేలు పోతున్నాయి. నవ్వు ఆగాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఇల్లు చేరాక, కంచం ముందు కూర్చున్న మావారికి చెప్పాను, “హాస్టల్‌కి పంపిద్దాం. నెలకోసారి నేనే వెళ్ళి చూసొస్తాను. బస్సు ఎలాగూ ఉచితమే.” ఆయన ముద్ద ఆపి నా వంక చూశారు. “ఒక్క సినిమాకే ఇంతా?” అన్నారు. ఆ వారమంతా వాదనలు నడిచాయి. అవన్నీ మీకెందుకు!

పాప ఇప్పుడు హైదరాబాదులో చదువుతోంది. మొన్న ఫోను చేస్తే, “క్యాంటీనులో స్నేహితులతో కూర్చుంటున్నావా?” అని అడిగాను. “అమ్మా, అదంతా సినిమాలోనే. రికార్డులు రాయలేక చస్తున్నా. వచ్చేటప్పుడు కారప్పూస కాస్త ఎక్కువ తే. గదిలో మేం నలుగురం” అంది.

శెనగపిండి జల్లించి పెట్టాను. రేపు పొద్దున బస్సు.