కిరాయి గది, ఊరి ఓటు



మాది కామారెడ్డి అని చెప్పగానే ఎక్కడికి పోయినా ఒకటే ప్రశ్న. "ముఖ్యమంత్రిని, కాబోయే ముఖ్యమంత్రిని ఒకే రోజు ఎట్ల ఓడగొట్టిండ్రు అన్నా?" 2023 డిసెంబర్ 3 నాటి ముచ్చట. కేసీఆర్, రేవంత్ రెడ్డి ఇద్దరూ ఇక్కడ ఓడిపోయారు. బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి కేసీఆర్ మీద 6,741 ఓట్ల తేడాతో గెలిచారు. టీవీల్లో మా టౌన్ ఓటర్ల చైతన్యం గురించి తెగ మాట్లాడారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒక లెక్క తేలడం లేదు. ఈ టౌన్‌లో కిరాయి గదుల్లో ఉండి చదువుకునే మన పిల్లలు ఆ లెక్కలో ఎక్కడున్నారు?

ఓటమికి కారణం అడిగితే చాయ్ హోటల్‌లో ఎవరైనా మాస్టర్ ప్లాన్ పేరు చెప్తారు. ఆ ముసాయిదాలో రైతుల పొలాలు పరిశ్రమల జోన్ కింద చూపించారు. 2023 జనవరి మొదటి వారంలో అడ్లూర్ ఎల్లారెడ్డి రైతు ఒకాయన ప్రాణం తీసుకున్నాడు. (బయటివాళ్లు అది మా ఎల్లారెడ్డే అనుకుంటారు. కాదు. అది కామారెడ్డి పక్కన ఊరు. నేను చెప్పబోయే ఎల్లారెడ్డి లింగంపేట దాటి పోతే వచ్చేది, సుమారు నలభై కిలోమీటర్లు.) జనవరి 5న రైతులు కలెక్టరేట్ ముట్టడించారు. 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ప్లాన్ వద్దని తీర్మానం చేసింది.

నేను ఆ రైతుల పక్షమే. భూమి లేకపోవడం ఎట్ల ఉంటదో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ రోజుల్లో ఒకటి గమనించాను. పాసుబుక్కు ఉన్నవాళ్ల బాధకు సర్వే నంబర్ ఉంది. అదే పొలంలో కూలికి పోయే మా అక్కల బాధకు నంబర్ లేదు. ఇంటి ఓనర్‌కు డోర్ నంబర్ ఉంది. పైన రేకుల గదిలో నలుగురు కలిసి ఉండే ఆడపిల్లలకు ఏ నంబరూ లేదు. ప్లాన్ గురించి టౌన్ అంతా మాట్లాడింది గానీ వాళ్లను అడిగినోళ్లు లేరు.

ఎల్లారెడ్డి, లింగంపేట, నాగిరెడ్డిపేట దిక్కు నుంచి డిగ్రీకి, కోచింగ్‌కి కామారెడ్డి వచ్చే పిల్లల సంగతి నాకు బాగా తెలుసు. నేనూ అట్ల వచ్చినోన్నే. ఇంటర్ ఫస్టియర్‌లో మా నాయినతో కలిసి గది కోసం తిరిగిన. ఒకాయన గది చూపెట్టాడు, కిరాయి చెప్పాడు. తాళం చెవి చేతికియ్యబోతూ, "ఇంతకు మీరేమోల్లు?" అన్నాడు. "ఎల్లారెడ్డి కాడోల్లం సార్" అన్నాడు నాయిన. "ఊరడుగుతలేను" అన్నాడు ఆయన. నాయిన చెప్పాడు. తాళం చెవి మళ్లా జేబులోకి పోయింది. "నీళ్లకు జర తక్లీఫుంది, ఎండకాలం అయినంక రాండ్రి" అన్నాడు. అప్పుడు వానలు పడుతున్నాయి.

ఇప్పుడు అంత మొరటుగా అడగరు. ఇంటిపేరు అడుగుతారు. వెజ్జా, నాన్‌వెజ్జా అని అడుగుతారు. అమెరికాలో, లండన్‌లో చదివొచ్చిన అంబేడ్కర్‌కు 1917లో బరోడాలో ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు పెట్టుకొని ఉంటే పదకొండో రోజు కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. అంత చదివినా ఆయనకు గది ఇయ్యలేదు. మన పిల్లలకు ఆ చదువు మొదలుపెట్టడానికే గది కావాలి.

టౌన్ మాట ఇంకోటి ఉంది. "మీకేంది, అన్నీ ఫ్రీయే కదా!" ఫ్రీ బస్సు, ఫ్రీ ఫీజు, ఫ్రీ బియ్యం. ఆడపిల్లలకు 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సు ఫ్రీ అయిన మాట నిజం. దానివల్లే ఎల్లారెడ్డి దిక్కు నుంచి రోజూ వచ్చిపోయే పిల్లలున్నారు, నాకు సంతోషమే. కానీ పొద్దున బస్సు తప్పితే ఫస్ట్ పీరియడ్ పోతుంది, సాయంత్రం బస్సు కోసం లాస్ట్ పీరియడ్ పోతుంది. ఇక ఫీజు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉండి కొట్లాడి సాధించింది. ఎనభై ఏండ్ల తర్వాత, 2025 నవంబర్‌లో, సర్కారు బకాయిలు ఇయ్యలేదని ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. సర్కారు ఇయ్యకుంటే కాలేజీ ఎవర్ని పట్టుకుంటది? నాకు తెలిసిన తమ్ముడొకడు టీసీ, మెమోలు కాలేజీ బీరువాలో ఉండగా హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డు పనికి పోయాడు. ఫ్రీ అనే మాట ఆ తమ్మునికి చెప్పి చూడండి.

ఈ కోపంతోనే నేను ఈ మధ్య గది గదికి తిరిగిన. చేతిలో ఫారం 8. ఓటు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మార్చుకునే కాగితం అది. నా వాదన సూటిది. 2020 మున్సిపల్ ఎన్నికల్లో నేనుండే బిల్డింగ్‌కు అభ్యర్థులు వచ్చారు, కింద ఓనర్‌తో మాట్లాడి పోయారు. ఒక్కరూ మెట్లెక్కలేదు. పైన ఓట్లు లేవని వాళ్లకు తెలుసు. 2025 ఆగస్టు చివరి వానలకు జీఆర్ కాలనీ మునిగినప్పుడు లీడర్లు ఇండ్లు చూసి పోయారు. కిరాయికున్నోళ్ల తడిసిన పుస్తకాలు ఏ లెక్కలోకి వస్తాయి? అందుకే ఓటు ఇక్కడికి తెచ్చుకోండి, అప్పుడు మెట్లెక్కుతారు అన్నాను.

డిగ్రీ సెకండియర్ చదివే ఒక చెల్లె ఫారం తిప్పి తిప్పి చూసి నా చేతికే ఇచ్చింది.

"అన్నా, మొన్న డిసెంబర్ల పంచాయతీ ఎలక్షన్లల్ల మా పెదనాయిన వార్డు మెంబర్‌గా నాలుగు ఓట్లతోని గెలిచిండు. ఆ నాలుగుల నాది, మా అన్నది, బొంబాయి నుంచొచ్చిన మా బావది ఉన్నయ్. నా ఓటు ఈడికి తెస్తే మా వాడకు ఊర్ల మొఖం ఉండది. మీ టౌన్ల నా ఒక్క ఓటు ఏం చేస్తది?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. చట్టం ప్రకారం ఓటు ఒక్కచోటే. స్థానిక ఎన్నికల జాబితా కూడా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది. ఎంపీ ఓటు ఒక్కటే ఎటున్నా తేడా లేదు, కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ జహీరాబాద్ కిందికే. కానీ ఎమ్మెల్యే, సర్పంచ్, కౌన్సిలర్ దగ్గరికి వచ్చేసరికి మన పిల్లలు రెండు ముక్కలవుతారు. ఊరు వదిలి టౌన్‌కు పొమ్మని మనమే చెప్తాం. ఊర్లో వాడ బలం తగ్గొద్దని కూడా మనమే చెప్తాం. నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రెండు మాటల మధ్య ఆ చెల్లె ప్రతి శనివారం బస్సెక్కుతుంది.

ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చిన. ఊర్లో నాలుగు ఓట్లతో గెలిచే వార్డు ఉన్నోళ్లు ఓటు కదపొద్దు. ఊరికి తిరిగి పోయేది లేదని తేల్చుకున్నోళ్లు, నా లాంటోళ్లు, మార్చుకోవాలి. నేను మార్చుకున్న. అమ్మ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. కానీ టౌన్‌లో మన మాట వినిపించడానికి ఓటు ఒక్కటే దారి కాదు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టంలో ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలని ఉంది. అందులో ఒకటి యువతది, పదిహేను మందితో. మీ వార్డులో ఆ పదిహేను మంది ఎవరో అడగండి. కౌన్సిలర్ బామ్మర్ది, ఆయన దోస్తులు ఉంటే ఆశ్చర్యపోకండి.

ఇంకోటి, మాస్టర్ ప్లాన్ ఎప్పటికైనా మళ్లా వస్తుంది. అభ్యంతరం, సలహా రాయడానికి పాసుబుక్కు అక్కర్లేదు. రైతులు మా భూమి తీయొద్దని రాస్తే, మనం హాస్టళ్లకు భూమి పెట్టమని రాద్దాం. పరిశ్రమలకు జోన్ గీసే పెన్సిల్‌తోనే బస్టాండ్‌కు, కాలేజీలకు నడిచిపోయే దూరంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ ఆడపిల్లల హాస్టళ్లకు జాగ గీయమందాం. సర్కారు హాస్టల్‌లో సీటుంటే ఇంటిపేరు అడిగే ఓనర్ గడప ఎందుకెక్కాలి?

పోయిన ఆదివారం ఆ చెల్లె గదిలోనే కూర్చొని ముసాయిదా మొదలుపెట్టినం. హాస్టల్ ముందు రాయాలా, ఎల్లారెడ్డికి రాత్రి ఏడు తర్వాత బస్సు ముందు రాయాలా అని గంట సేపు కొట్లాడుకున్నరు. బస్సు సంగతి మున్సిపాలిటీది కాదు, ఆర్టీసీ డిపోకు వేరే రాయాలని ఒకమ్మాయి తేల్చింది. రెండు కాగితాలైనయ్. చిరునామా దగ్గర మాత్రం ఆగిపోయినం. గది డోర్ నంబర్ రాస్తే ఓనర్ ఏమంటడో అని వాళ్ల భయం. వచ్చే ఆదివారం మళ్లా కూర్చుంటున్నం. ఎల్లారెడ్డి, బాన్సువాడ, జుక్కల్ దిక్కు నుంచి వచ్చి టౌన్‌లో కిరాయికుండే తమ్ముళ్లు, చెల్లెళ్లు రండి. మీ గది కిరాయి ఎంతో, ఎన్ని ఇండ్లు తిరిగితే దొరికిందో రాసుకొని రండి.

జై భీమ్.