ఒక అడుగు తెలుగు

ఆ నోటీసు ఇంగ్లీషులో వచ్చింది. తమిళంలో వచ్చుంటే మా ఆవిడ చదివేది, తెలుగులో వచ్చుంటే నేను చదివేవాణ్ణి. ఇద్దరికీ సరిగా రాని భాష కావడంతో దాన్ని గల్లాపెట్టె వెనక వెంకన్న పటానికి దోపి, భోజనాల రద్దీ తగ్గేదాకా ఆగాం. ఎదురుగా పంక్చర్ షాపులో డిప్లొమా చదివిన పిల్లాడొకడు ఉండేవాడు. మూడింటికి వాణ్ణి పిలిపించాం. వాడు రెండుసార్లు చదివి, "అన్నే, బోర్డు తీసెయ్యమంటున్నారు. పదిహేను రోజులు గడువు" అన్నాడు.

అది 2022 నవంబరు. ధర్మపురి దాటి సేలం వైపు వెళ్ళే దారిలో, నల్లంపల్లికి ఇవతల, హైవే పక్కన మాదొక చిన్న మెస్సు. మాది పలమనేరు దగ్గర పల్లె. 2009లో మేనత్త కూతుర్ని చేసుకుని ఇక్కడికి వచ్చేశాను. ఆమె పుట్టి పెరిగింది ఈ జిల్లాలోనే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగులో తిడుతుంది, తమిళంలో పద్దు రాస్తుంది. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

హైవేకి అప్పట్లో ఏడో నంబరు, ఇప్పుడు నలభై నాలుగు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే రోడ్డు ఇదే. అనంతపురం మీదుగా వచ్చేదీ ఇదే. తాడిపత్రి నాపరాళ్ళు, మదనపల్లె టమోటా, సిమెంటు, వేరుశనగ, ఇలా ఎన్ని లారీలో. ముందు తొప్పూరు కనుమ ఉంది. ఆ దిగుడులో బ్రేకులు పట్టక ఎన్ని బళ్ళు బోల్తా పడ్డాయో ఈ దారి తెలిసిన డ్రైవర్లకి చెప్పక్కర్లేదు. కనుమ దిగేముందు బండి ఆపి, టైర్లు తట్టి చూసుకుని, ఇంత తిని బయల్దేరడం వాళ్ళకి అలవాటు. మా బతుకంతా ఆ అలవాటు మీదే. రాగిసంగటి, ఊరుబిండి, చింతాకు పప్పు, వారానికి మూడురోజులు నాటుకోడి. రోజుకి నూట ముప్పై, నూట నలభై ఆకులు లేచేవి.

వాళ్ళని ఆపింది వంట కాదు, బోర్డు. రోడ్డంచున ఇరవై అడుగుల ఇనుప పైపు, దానిమీద పన్నెండడుగుల రేకు. పైన ముప్పాతిక భాగం తెలుగులో 'ఆంధ్రా భోజనం', కింద సన్నగా తమిళం. కుప్పం నుంచి పెయింటర్ని పిలిపించి రాయించాను. రాత్రిపూట దానిమీద రెండు ఫోకస్ లైట్లు. అరకిలోమీటరు దూరం నుంచే కనబడేది. తమిళం, ఇంగ్లీషు, కన్నడం దాటుకుంటూ వచ్చిన మనిషికి హఠాత్తుగా తన అక్షరాలు కనిపిస్తే కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతుందని ఒక గుత్తి డ్రైవరు చెప్పాడు.

నోటీసులో ఉన్నది ఒక్కటే మాట: స్తంభం హైవే స్థలంలో ఉంది, తీసెయ్యండి. జాతీయ రహదారి భూమిలో అనుమతి లేకుండా ఏదీ పాతకూడదని 2002 నాటి చట్టం ఉందని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం నా బుర్ర ఇంకోవైపు పోయింది. పేపర్లలో అప్పుడప్పుడూ వచ్చేది: బోర్డులు తమిళంలో లేని షాపుల మీద తనిఖీలు, జరిమానాలు. అదే మన మెడకి చుట్టుకుందనుకున్నాను. తెలుగు పైన, తమిళం కింద. తప్పు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది.

మినహాయింపు అన్న మాట ఈ ప్రాంతపు తెలుగిళ్ళకి కొత్త కాదు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక, పదో తరగతిలో తమిళం పరీక్ష నుంచి తెలుగు పిల్లలకి మినహాయింపు ఇమ్మని హోసూరు, కృష్ణగిరి వైపు ఎంతమంది తిరిగారో, అది సుప్రీంకోర్టు దాకా ఎలా పోయిందో అందరికీ తెలుసు. పరీక్షకే అడగ్గా లేంది సంగటి బోర్డుకి అడిగితే తప్పేముంది అనుకున్నాను.

ఆ ఆఫీసు పేరు చెప్పను. మొదటిసారి వెళ్ళినప్పుడే నవ్వులపాలయ్యాను. తమిళంలో మినహాయింపుని విలక్కు అంటారు. దీపాన్ని విళక్కు అంటారు. ల, ళ అంతే తేడా. నేను కిటికీ దగ్గర నిలబడి "సార్, బోర్డుకి విళక్కు కావాలి" అన్నాను. లోపలున్నాయన తలెత్తకుండా "లైటు కావాలంటే కరెంటాఫీసుకి పో" అన్నాడు. వెనకాల వరసంతా నవ్వింది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడా నవ్వింది. ఆ నెలలో మేం నవ్వింది ఆ ఒక్కసారే.

తర్వాత ఆరుసార్లు తిరిగాను. ఒకరోజు సారు క్యాంపు. ఒకరోజు ఫైలు పైన ఉంది. ఒకరోజు, అసలిది మా సెక్షను కాదు. మధ్యలో ఒక బ్రోకరు తగిలాడు. "మీ తెలుగే అసలు గొడవ. మొదట దాన్ని కనబడకుండా చెయ్యండి, స్తంభం సంగతి నేను చూసుకుంటా" అని పద్దెనిమిది వేలు పట్టుకుపోయాడు. ఆ మాట నమ్మి డిసెంబరులో ఒక ఆదివారం నిచ్చెన వేసుకుని నేనే పైకెక్కాను. నీలం పెయింటు డబ్బా, నాలుగంగుళాల బ్రష్షు. 'ఆం' దగ్గర మొదలుపెట్టి చివరి సున్నా దాకా పూసేశాను. ఒక పూతకి పోలేదు. తెల్లటి అక్షరాలు నీలం కింద నుంచి ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. రెండో పూత వేశాను. కిందికి దిగేసరికి చేతులు వణుకుతున్నాయి. ఎత్తు వల్లనే అనుకున్నాను.

ఆ సోమవారం తొంభై ఆకులు. ఆ వారాంతానికి అరవై. సంక్రాంతికి నలభై. లారీలు వస్తున్నాయి, పోతున్నాయి, ఆగడం లేదు. నేను బయట నిలబడి ఏపీ నంబరు ప్లేట్లు లెక్కపెట్టేవాణ్ణి. గంటకి ఇన్ని అని. లెక్కపెట్టి ఏం చేస్తాం? పాత డ్రైవరొకడు అటునుంచి తిరుగు ప్రయాణంలో గుర్తుపట్టి ఆగాడు. "బోర్డు లేకపోతే మూసేసినావనుకుంటిమి కదన్నా" అన్నాడు. మధ్యాహ్నం వండిన సంగటి ముద్దలు సాయంత్రానికి పక్కింటి గేదెకి వెళ్ళేవి. వంటమనిషి జీతం రెండునెలలు ఆగింది. అతను ఏమీ అనలేదు. మూడో నెల రావడం మానేశాడు. ఫిబ్రవరిలో మా ఆవిడ చేతి గాజులు నాలుగూ కుదవకి వెళ్ళాయి. షాపువాడు తూకం వేస్తుంటే ఆమె గోడ మీద రేటు పట్టీ చదువుతున్నట్టు అటు తిరిగి నిలబడింది. బస్సెక్కాక, "బావా, అన్నం బాగలేక రాకపోతే వండడం మార్చుకుందుము. ఇదేమి కష్టం, చెప్పుకునేకీ లేదు" అంది.

బ్రోకరు ఫోను తియ్యడం మానేశాడు. మార్చిలో ఒక సోమవారం, అర్జీలు తీసుకునే రోజున కలెక్టరాఫీసుకి వెళ్ళాను. గేటు బయట వేపచెట్టు కింద ఒక ముసలాయన అర్జీలు రాస్తున్నాడు. రిటైరైన గుమాస్తా. ముప్పై రూపాయలు తీసుకుని, రాయకముందు నోటీసు అడిగి చదివాడు. నేను తెలుగు అక్షరాలకి విలక్కు ఇమ్మని రాయమన్నాను. ఈసారి ల సరిగ్గా పలికాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు.

"ఇందులో భాష గురించి ఒక్క మాటా లేదయ్యా. మీ తెలుగుని ఎవరు వద్దన్నారు?" అన్నాడు.

ఆయనే చెప్పాడు. తమిళనాడులో షాపులకి 1948 నాటి నిబంధనల్లో 15వది, హోటళ్ళకి 1959 నాటి నిబంధనల్లో 42-బి. బోర్డు మీద తమిళం ఉండాలి, పైన ఉండాలి, పెద్దగా ఉండాలి. దానికింద ఇంగ్లీషు, దానికింద మీ భాష ఏదైనా సరే. కొలత ఐదు, మూడు, రెండు. పది పాళ్ళలో రెండు పాళ్ళు మీవి. "రెండు పాళ్ళకి ఎవరి దగ్గరా విలక్కు అక్కర్లేదు, అది నియమంలోనే ఉంది. మీరు చెరిపేసింది ఎవరూ అడగంది" అన్నాడు. తర్వాత, అడక్కుండానే, "మీ చిత్తూరులో నేను తమిళ కడ పెట్టినా పైన తెలుగు రాయాల్సిందే కదా?" అన్నాడు. నిజమే. ఆంధ్రాలోనూ బోర్డు తెలుగులో ఉండాలన్న నిబంధన ఉంది. మరుసటి ఏడాది కర్ణాటకలో బోర్డు మీద అరవై శాతం కన్నడం ఉండాలని చట్టం చేసినప్పుడు, బెంగుళూరులో టిఫిన్ సెంటరు పెట్టుకున్న మా బావమరిది ఫోను చేసి ఏడ్చినంత పనిచేశాడు. టేపు తీసుకుని కొలువు, ఏడవకు అని చెప్పాను. ఇంకో సంగతి మా అమ్మాయి ఫోనులో చూసి చదివి వినిపించింది. 2013లో కెనడాలోని మాంట్రియల్లో ఒక ఇటలీ హోటలు మెనూలో 'పాస్తా' అన్న మాట ఫ్రెంచి కాదని అక్కడి భాషా శాఖవాళ్ళు అభ్యంతరం పెట్టారట. ఊరంతా నవ్వితే వెనక్కి తగ్గారట. సంగటిని సంగటి అనే ఉండనిచ్చారు కదా, మనవాళ్ళు నయమే అనుకున్నాం.

ఆ చెట్టు కింద కూర్చుని నాలుగునెలలు వెనక్కి లెక్కేసుకున్నాను. గాజులు, వంటమనిషి, పద్దెనిమిది వేలు. అక్కర్లేని మినహాయింపు కోసం ఇన్నీ పోయాయి. అసలు కావలసింది స్తంభానికి. ఆ అర్జీ రాయించి ఇచ్చాను. ఏప్రిల్లో ఒక అధికారి పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడాడు. ఇవ్వలేమన్నాడు. ఎందుకివ్వలేరో చట్టం చూపించి చెప్పలేదు. 2019 సెప్టెంబరు 12న చెన్నై పళ్ళిక్కరణైలో జరిగింది చెప్పాడు. రోడ్డు మధ్య కట్టిన పెళ్ళి బ్యానరొకటి ఊడి స్కూటరు మీద వెళ్తున్న ఇరవై మూడేళ్ళ అమ్మాయి మీద పడింది. ఆమె కిందపడితే వెనకొస్తున్న నీళ్ళ ట్యాంకరు ఎక్కేసింది. "మీది గట్టిదే కావచ్చు. కట్టినవాళ్ళందరూ అలాగే అంటారు" అన్నాడు. నాది ఇనుము సార్, బ్యానరు కాదు అన్నాను. ఆయన ఏమీ అనలేదు.

స్తంభం కొయ్యడానికి వెల్డింగు షాపు నుంచి ఇద్దరు కుర్రాళ్ళని తీసుకొచ్చాను. ముందు తాళ్ళు కట్టారు. గ్యాసు వెలిగించి అడుగున పట్టారు. రెండు నిమిషాలు కూడా కాలేదు, పైపు కిర్రుమని ఒరిగింది. కోసినవాడు మంట ఆపి వంగి చూశాడు. నన్ను రమ్మని వేలు చూపించాడు. మట్టి లోపల జానెడు ఎత్తున పైపు తుప్పుపట్టి అప్పడంలా అయిపోయింది. బొటనవేలితో నొక్కితే పొట్టు రాలింది. చేతులు కడుక్కునే తొట్టి నీళ్ళు పన్నెండేళ్ళుగా పోతున్నది ఆ మొదట్లోకే. నేనే తవ్విన కాలువ. పైన పన్నెండడుగుల రేకు, కింద బడి నుంచి ఇంటికి సైకిళ్ళ మీద పోయే పిల్లలు. దీన్ని ఉంచమనే నేను ఆఫీసుల చుట్టూ తిరిగాను. కుర్రాడు "అన్నే, ఈ వేసవి గాలికి ఉండేది కాదు" అన్నాడు. వాడికి టీ డబ్బులు ఎక్కువిచ్చి పంపాను.

మేలో కొత్త బోర్డు. ఈసారి మా సొంత గోడ మీద, రోడ్డుకి నలభై అడుగులు లోపలికి. ఎత్తు అయిదడుగులు. ధర్మపురి పెయింటరు టేపు పట్టి, సున్నపు దారం గుంజి గీతలు కొట్టాడు. ముప్పై అంగుళాలు తమిళం, పద్దెనిమిది ఇంగ్లీషు, పన్నెండు తెలుగు. అంటే ఒక్క అడుగు. పైనా కిందా ఖాళీ పోను అక్షరం పదంగుళాలు. అంగుళానికి ముప్పై అడుగుల దూరం అని వాళ్ళ లెక్క. మూడొందల అడుగుల నుంచి కనబడుతుంది. అరవైలో వచ్చే లారీ ఆ దూరాన్ని అయిదున్నర సెకన్లలో దాటేస్తుంది. ఆ అయిదున్నర సెకన్లలో చదవాలి, ఆకలి గుర్తు రావాలి, ఇండికేటరు వెయ్యాలి, ఎడమకి తిప్పాలి. అందరికీ సాధ్యం కాదు. పాత డ్రైవర్లు తమ వాట్సాప్ గుంపుల్లో 'బోర్డు గోడ మీదికి మారింది, మెస్సు ఉంది' అని గొంతు రికార్డు చేసి పంపారు. ఇప్పుడు తొంభై, వంద ఆకులు లేస్తున్నాయి. నూట నలభై మళ్ళీ చూడలేదు. రెండు గాజులు ఇంటికొచ్చాయి, రెండు ఇంకా అక్కడే ఉన్నాయి.

పెయింటరుకి తెలుగు రాదు. నేను కాగితం మీద పెద్దగా రాసిస్తే బొమ్మ చూసి బొమ్మ వేసినట్టు వేశాడు. సాయంత్రం పని అయిపోయింది, డబ్బులు లెక్కపెడుతున్నాను. మా ఆవిడ కాగితం చేత్తో పట్టుకుని గోడకేసి, కాగితంకేసి మార్చి మార్చి చూస్తోంది.

"బావా, నువ్వు రాసిన దాంట్లో ఈ అక్షరం కింద చిన్న గీత ఉండాది. గోడ మీద లేదే?"

చూశాను. 'బోజనం' అని ఉంది. పెయింటరు నిచ్చెన మళ్ళీ వేసి, సన్న బ్రష్షుతో భ కింద ఆ గీత పెట్టి దిగాడు.