గుత్తి కోట – కొండ దిగువన ఒక సమాధి

అనంతపురానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో గుత్తి ఉంది. ఆ ఊరు చేరినవారికి మొదట కనబడేది బోడికొండ మీది కోట. విజయనగర రాజు బుక్కరాయల నాటి శాసనమొకటి దీనిని దుర్గములలో రాజు అని పొగిడింది.

18వ శతాబ్దంలో మరాఠా నాయకుడు మురారిరావు ఘోర్పడే ఈ కోటను తన నివాసం చేసుకున్నాడు. కొండ అంచున సున్నపు గచ్చుతో కట్టిన చిన్న మండపాన్ని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని పెద్దలు చెప్పుకుంటారు. అంతటి వానికి 1776లో ఏమి జరిగింది? హైదరాలీ సైన్యం చుట్టుముట్టింది. గోడలు నిలిచాయి గాని కొండమీద త్రాగునీరు అయిపోయింది. మురారిరావు లొంగిపోయి, కబ్బాళదుర్గంలో బందీగా చనిపోయాడు. ఎత్తున ఇల్లు కట్టుకుంటే శత్రువు భయం తగ్గవచ్చు, దాహం తీరదు కదా!

1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేశాడు. అందుకే దత్తమండలాలన్నారు. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో అనంతపురంలో కాపురముండి, పాలెగాండ్రను అణచి, భూమి కొలిపించి, రైతు పేరనే పన్ను కట్టించారు. ఆ పన్ను బరువైనదని ఆయనే గ్రహించి, నాలుగవ వంతు తగ్గించమని 1807లో వ్రాశారు. పైవారు ఒప్పుకోలేదు. 1820లో మద్రాసు గవర్నరుగా వచ్చినప్పుడు తానే ఆ తగ్గింపు జరిపించారు. ఈ సీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవారున్నారు.

పదవి విడిచి స్వదేశం వెళ్ళబోతూ, తనకిష్టమైన ఈ ప్రజలను చివరిసారి చూడవచ్చిన మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించారు. దేహాన్ని గుత్తికి తెచ్చి కోటకొండ దిగువనున్న సమాధుల దొడ్డిలో పాతిపెట్టారు. 1831లో ఆ అస్థికలను చెన్నపట్నం సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ దేవాలయానికి తరలించారు. 1680లో ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయం ఇప్పటికీ ఉంది.

ఆయన జ్ఞాపకార్థం గుత్తిలో బాటసారులకు సత్రం కట్టించారు. మరణించిన పత్తికొండలో చెట్లు నాటించి, మెట్లబావి త్రవ్వించారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ మెట్టసీమలో నీడకు, నీటికి మించిన జ్ఞాపకచిహ్నం ఏముంటుంది?

తండ్రి త్రవ్వించిన బావులు పూడిపోగా ఇస్సాకు వాటిని తిరిగి త్రవ్వించిన సంగతి ఆదికాండము 26వ అధ్యాయంలో చదువుతాము. ప్రియ పాఠకులారా, గుత్తి వెళితే కోట ఎక్కి చూడండి. తిరిగి వచ్చాక మీ ఊరిలో పూడిపోయిన పాతబావి ఏదైనా ఉన్నదేమో కూడా చూడండి. వేసవిలో పదిమంది పూనుకొని పూడిక తీస్తే, దాని నీళ్ళు త్రాగేవారు మన పిల్లలే.