కొమ్మల్లో కాపురం

లక్షద్వీప్‌లో పగడాలు తెల్లబడుతుంటే అరచేతిలో పట్టే ఓ చేపకు, దాన్ని ఎరగా వాడే జాలర్లకు కూడా గడ్డుకాలమే

కొచ్చి నుంచి గంటన్నర ప్రయాణించిన చిన్న విమానం అగత్తి దీవిలో దిగుతుంటే రన్‌వేకు రెండువైపులా సముద్రమే కనిపిస్తుంది. లక్షద్వీప్‌లో విమానాలు దిగేది ఇక్కడే. అనుమతి పత్రం లేనిదే బయటివారికి ప్రవేశం లేదు. దీవిని ఆనుకుని, అలలను అడ్డుకునే పగడపు దిబ్బకు ఇవతల లాగూన్ ప్రశాంతంగా పరుచుకుని ఉంటుంది. గాజు అడుగున్న పడవలో వెళ్తే కింద జింక కొమ్ముల్లా చీలిన పగడాలు, వాటిపైన తళుక్కుమనే లేత నీలాకుపచ్చ చేపల గుంపులు కనిపిస్తాయి.

క్రోమిస్ విరిడిస్ అనే ఈ డామ్సెల్ చేప పొడవు పది సెంటీమీటర్లకు మించదు. పగలంతా నీటిలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను ఏరుకు తింటుంది. పెద్ద చేప అలికిడైతే చాలు, గుంపు గుంపంతా కొమ్మల సందుల్లోకి మాయం. గుడ్లు పెట్టే కాలంలో మగచేప పసుపు రంగుకు తిరిగి, గూడు సిద్ధం చేస్తుంది. పిల్లలయ్యేదాకా రెండు మూడు రోజులు రెక్కలతో విసురుతూ కాపలా కాస్తుంది.

ఇది అద్దె ఎగ్గొట్టే రకం కాదు. దాని విసర్జనలోని నత్రజని పగడానికి ఎరువు. రాత్రివేళ కొమ్మల మధ్య నీరు కదలక ప్రాణవాయువు తగ్గిపోతుంది. అక్కడ తలదాచుకున్న చేపలు నిద్రలోనూ రెక్కలు ఆడిస్తూ నీటిని కదిలిస్తాయని ఎర్ర సముద్రంలో జరిగిన పరిశోధన 2004లో వెల్లడించింది.

దీవుల వాసులకు దీనితో మరో అవసరముంది. లక్షద్వీప్ జాలర్లకు ట్యూనాయే ప్రధాన ఆధారం. మినికాయ్‌లో తరతరాలుగా సాగుతున్న పద్ధతిలో, లాగూన్‌లో పట్టిన చిన్న చేపలను పడవలోని నీటితొట్టిలో బతికించి తీసుకెళ్తారు. ట్యూనా గుంపు కనిపించగానే వాటిని చల్లి, గాలం కర్రలతో ఒక్కొక్క చేపనే లాగుతారు. పెద్ద వలల విధ్వంసం ఉండదు. ఆ ఎర చేపల్లో క్రోమిస్ కూడా ఒకటి.

నీరు వేడెక్కితే పగడాలు తమకు ఆహారం, రంగు ఇచ్చే నాచును వదిలేసి పాలిపోతాయి. ముందుగా దెబ్బతినేది క్రోమిస్ నివసించే కొమ్మల పగడాలే. 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో లక్షద్వీప్‌కు ఈ బెడద తప్పలేదు. అగత్తి, కద్మత్, కవరత్తి దిబ్బలపై 1998లో సుమారు 37 శాతం ఉన్న సజీవ పగడం 2022 నాటికి 20 శాతం లోపునకు పడిపోయింది.

కొమ్మల పగడాలు త్వరగా చచ్చినా, త్వరగానే మళ్లీ పెరుగుతాయి. కావలసిందల్లా మధ్యలో కొన్ని చల్లని సంవత్సరాలు. తొలి రెండు విపత్తుల నడుమ 12 ఏళ్ల వ్యవధి దొరికింది. ఆ తర్వాత దొరికింది ఆరేళ్లు, ఎనిమిదేళ్లే.